ఆనందానికి రెండు మార్కులు

ప్రభుత్వాలు మనిషి మీద మోపగల భారాలలో పన్ను చాలా చిన్నది. పన్ను కట్టేశాక ఇంటికెళ్ళి తలుపేసుకుని తిట్టుకోవచ్చు, ఎవరూ అడగరు. అన్నిటికంటే పెద్ద భారం ఆనందం. దాన్ని కట్టాలంటే తీరిక కావాలి, ముఖం కావాలి, పైగా సాక్షి కావాలి. ఈ సత్యాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టిన ఘనత మా హిగురెదాని అనే ఊరి కార్యాలయంలోని స్థిరనివాస, జీవనానంద విభాగానికి దక్కాలి. ఇంతవరకు ఎవరూ దక్కించలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది కొండల నడుమ ఊరు. రైలు దిగి బస్సెక్కి, ఇంక దారి లేదనిపించే చోట దిగబోతే డ్రైవరు "ఇంకా ఉందండీ" అంటాడు. ఆ ఇంకా ఉన్నదే మేము. ఇక్కడ మనుషులకంటే ఇళ్ళు ఎక్కువ, ఇళ్ళకంటే అడవిపందులు ఎక్కువ. (పందుల అభివృద్ధికి ప్రత్యేక విభాగమేదీ లేదు. బహుశా అందుకే అవి అభివృద్ధి చెందాయి.) ఖాళీ ఇళ్ళు కూలిపోతుంటే చూడలేక కార్యాలయం వారు ఒక పథకం పెట్టారు. నగరం నుంచి వచ్చేవారికి పాత కారు ధరకు ఇల్లు ఇస్తారు, పైకప్పు బాగుచేయించుకోవడానికి సాయం కూడా చేస్తారు. బదులుగా కొన్నవాళ్ళు ఐదేళ్ళు ఇక్కడ కాపురం ఉండాలి.

మొదట వచ్చిన కుటుంబాలు మొదటి చలికాలానికే వెళ్ళిపోయాయి. విభాగాధిపతి మురొజుమి గారు దీని మీద లోతుగా విచారణ జరిపి, వాళ్ళు ఆనందించనందువల్ల వెళ్ళిపోయారని తేల్చారు. వెంటనే ఒప్పందంలో ఒక వాక్యం చేరింది: "కొనుగోలుదారు పల్లె జీవితమును ఆనందించవలెను." ప్రతి ఋతువులోనూ ఒక ఉద్యోగి వచ్చి ఆనందాన్ని కొలుస్తాడు. ఐదుకు కనీసం మూడు మార్కులు రావాలి. వరుసగా రెండుసార్లు తప్పినవారు ఇల్లు వెనక్కి ఇచ్చేయాలి. (మంచు తక్కువగా కురిసేలా చూడడం విభాగం పరిధిలోకి రాదు.)

నాకు ఊళ్ళో క్షౌరశాల ఉంది. ఆ ఏడు మా వీధి సంఘానికి పెద్దను కూడా నేనే. ఈ పెద్దరికం వంతులవారీగా వస్తుంది. వంతులు వేసుకునే ఇళ్ళు తగ్గిపోయాయి కాబట్టి జుట్టు పెరిగినంత త్వరగా వస్తోంది. వీధి పెద్ద చేయవలసిన పనుల్లో చెత్త వేరుచేయని వాళ్ళను మందలించడం ఒకటి, ఆనందం కొలిచేటప్పుడు సాక్షిగా కూర్చోవడం ఒకటి. మొదటిదే సులువు.

మా వీధిలో సారా కొట్టు ముసలాయన పోయాక ఖాళీగా ఉన్న ఇంటిని షిగెకో గారు కొనుక్కున్నారు. ఒసాకాలో పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు వంగి నమస్కరించి, "పైకి వెళ్తున్నామండీ, మూడో అంతస్తు, ఆడవారి దుస్తులు" అని నవ్వుతూ చెప్పడం ఆవిడ ఉద్యోగం. తరువాత కొత్తగా చేరిన అమ్మాయిలకు నవ్వడం నేర్పే పని ఇచ్చారట. పళ్ళ మధ్య పుల్ల అడ్డంగా పెట్టుకుని, పెదవులు దాన్ని తాకకుండా పొద్దుటినుంచీ సాయంత్రందాకా నవ్వాలట. అలా జీవితమంతా నవ్వి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. వచ్చిన కొత్తలో మెడ మీద జుట్టు కత్తిరించమని నా దుకాణానికి వచ్చారు.

"ఒక మాట అడగొచ్చాండీ? ఇక్కడ వీధిలో మనుషులు ఎదురుపడితే నవ్వాలా?"

"అక్కర్లేదండీ. తల ఊపితే చాలు. మరీ మర్యాద చేయాలనుకుంటే, చలిగా ఉందనండి."

"ఎండాకాలంలో?"

"ఎండాకాలంలో కూడా అనొచ్చు. ఎవరూ వినరు."

అద్దంలో ఆవిడ ముఖం కదల్లేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి. నేను మనుషుల మెడలు చూసి బతికేవాణ్ణి. ముఖం అబద్ధమాడుతుంది గాని, మెడ ఆడలేదు. ఆ రోజు నా కుర్చీలో కూర్చున్నావిడ ఊళ్ళో అందరికంటే సుఖంగా ఉన్నారు.

పక్కింట్లో ఉమె బామ్మ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. మా ఊళ్ళో పుట్టి, మా ఊళ్ళోనే పెళ్ళాడి, నన్ను ఉయ్యాలలో వేసిన చెయ్యి కాబట్టి ఇప్పటికీ నన్ను ఒరే అంటుంది. కొత్తావిడ గుమ్మంలో చెప్పాపెట్టకుండా ఒక మోపు ముల్లంగి పడేసి వెళ్ళింది. మా దగ్గర అది ఆహ్వాన పత్రిక. షిగెకో గారు అందులో సగం ఊరగాయ వేసి, మళ్ళీ చెప్పాపెట్టకుండా బామ్మ గుమ్మంలో పెట్టొచ్చారు. అంతే, స్నేహం కుదిరింది. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం ఇద్దరూ షిగెకో గారి చెక్క వసారాలో కూర్చుని, తాళ్ళకు కట్టి ఎండబెట్టే పళ్ళకు చెక్కు తీసేవారు. దారిన పోతూ వాళ్ళ మాటలు వినేవాణ్ణి.

"చలి."

"అవునండీ."

"నిన్న ఇంతకన్నా చలి."

"రేపు ఇంకానట."

ఆపైన చాలాసేపు ఏమీ ఉండదు. చెక్కు తీసే చప్పుడు, దూరంగా ఎవరింటి పెరట్లోనో పందిని అదిలించే డబ్బా మోత. ఇద్దరి ముఖాలూ రుబ్బురోళ్ళలా ఉండేవి. అంత నిండైన సంభాషణ నా పెళ్ళయ్యాక నేనెప్పుడూ చేసి ఎరగను.

విభాగం తరఫున ఆనందం కొలవడానికి వచ్చేవాడి పేరు ఇకుతా. పాపం మంచివాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. బూట్లకు ఎప్పుడూ బురద అంటదు, ఎలా నడుస్తాడో తెలియదు. అతని చేతిలో పలకలాంటి ఫోను, అందులో విభాగం వారు తయారుచేయించిన యాప్ ఉంటాయి. అతను ప్రశ్నలడిగి జవాబులు నొక్కుతుంటే, ఆ యాప్ ముఖాన్ని చూసి మార్కులు వేస్తుంది.

"షిగెకో గారూ, పల్లె జీవితం ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండి."

"చాలా బాగుంది, బాగుంది, ఒక మాదిరిగా ఉంది. ఈ మూడిట్లో ఏదండీ?"

"బాగానే ఉంది."

"బాగానే అనేది ఇందులో లేదండీ." అతను నొచ్చుకుంటూ తరువాతి ప్రశ్నకు వెళ్ళాడు. "పొద్దున్న మెలకువ రాగానే ఏమనిపిస్తుంది?"

"లేవాలనిపించదు."

ఇకుతా వేలు ఒకటో అంకె మీదికి పోయింది. షిగెకో గారు ఆలోచించి, "పక్క వెచ్చగా ఉంటుంది. లేపేవాళ్ళు లేరు. అందుకని" అన్నారు.

ఇకుతా నా వంక చూశాడు. నేను సాక్షిని కాబట్టి గొంతు సవరించుకుని, "అది సంతోషంగా ఉన్నవాళ్ళు అనే మాటేనయ్యా" అన్నాను.

"నాకూ అలాగే అనిపిస్తోందండీ. కానీ ముఖం ఒప్పుకోవట్లేదు" అని పలక నావైపు తిప్పి చూపించాడు. ఆవిడ ముఖం చుట్టూ నీలం గీత ఉంది. కింద రెండు మార్కులు ఉన్నాయి.

మా ఊళ్ళో ఐదుకు ఐదు వచ్చేవాళ్ళు లేకపోలేదు. టోక్యో నుంచి వచ్చిన మియాషితా దంపతులు ఒక మేకను పెంచుతూ, చెట్లకు ఊయల కట్టుకుని, పళ్ళు ఉడకబెట్టి సీసాలకెత్తుతూ నెలనెలా ఊరి పత్రిక అట్ట మీద నవ్వేవారు. వాళ్ళను చూసి నేర్చుకోమని షిగెకో గారికి విభాగం నుంచి ఆనందాభివృద్ధి ప్రణాళిక వచ్చింది. దాని ప్రకారం మిణుగురులు చూడడానికి వెళ్ళాలి, వెళ్ళినట్టు ముద్ర వేయించుకోవాలి. పిండివంటకు ఉడికిన బియ్యం రోట్లో దంచాలి, దంచినట్టు ముద్ర. వేడినీటి బుగ్గలో స్నానం చేసి "హాయిగా ఉంది" అని బయటికి అనాలి, అన్నట్టు ముద్ర. (మిణుగురులు ఆ ఏడు రాలేదు. వాటి బదులు విభాగం వారు చిన్న దీపాలు పెట్టారు. చూసినవారికి ముద్ర యథాతథంగా పడింది.) ఆవిడకు వసారాలో కూర్చునే తీరిక లేకుండా పోయింది. ఉమె బామ్మ ఒక్కతే పళ్ళ బుట్ట ముందేసుకుని కూర్చునేది.

తరువాతి ఋతువులో ఇకుతా, నేను వెళ్ళి తలుపు తట్టాం. తలుపు తెరుచుకుంది. షిగెకో గారు రెండు చేతులూ ముందు చేర్చి, కొలిచినట్టు వంగి, లేచి, "రండి రండి, మీరు వచ్చినందుకు ఎంతో సంతోషం" అన్నారు. ఆ నవ్వు చూసి నేను గడప తగిలి పడబోయాను. అంత అందమైన నవ్వు మా కొండల్లో ఎవరూ చూసి ఉండరు. పలక గంట మోగించింది. అది మోగుతుందని ఇకుతాకే తెలియదట.

"పల్లె జీవితం ఎలా ఉందండీ?"

"చాలా బాగుందండీ. పక్షుల పాటతో లేస్తాను. మట్టి వాసన నాకు ప్రాణం."

ఐదు మార్కులు పడ్డాయి. ఆ నెల ఊరి పత్రిక అట్ట మీద మేకను పక్కకు జరిపి ఆవిడ బొమ్మ వేశారు. నేను మాత్రం వెనక నిలబడ్డాను కాబట్టి మెడ చూశాను. ఒసాకా నుంచి దిగిన రోజున కూడా అంత బిగుసుకుని లేదది.

మర్నాడు ఉమె బామ్మ కర్ర తాటించుకుంటూ దుకాణానికి వచ్చింది. కుర్చీలో కూర్చున్నవాడి గడ్డానికి సబ్బు రాసి ఉందని కూడా చూడకుండా, "ఒరే యసూ, ఆ పిల్లకేమైందిరా? పొద్దున్న నన్ను చూసి నవ్వింది" అంది.

"నవ్వితే మంచిదేగా బామ్మా."

"నేనేం తప్పు చేశాన్రా తనకి?"

బామ్మను వెంటబెట్టుకుని షిగెకో గారింటికి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి మళ్ళీ అదే నవ్వు నవ్వి, మమ్మల్ని చూసి ఆపబోయి, ఆపలేక, రెండు చేతులతోనూ బుగ్గలు పట్టుకున్నారు.

"క్షమించండి బామ్మగారూ. మొదలుపెడితే ఆగదు. నవ్వకపోతే ఇల్లు తీసేసుకుంటారు."

"పోనీ, ఆ కుర్రాడు వచ్చినప్పుడు మాత్రం నవ్వేయవే."

"నాకలా చేతకాదండీ. నవ్వుతూ బతకాలంటే ఒసాకాలోనే ఉండేదాన్ని. అక్కడ లిఫ్టు కూడా ఉంది."

బామ్మ వెళ్తూ వెళ్తూ నడుముగుడ్డలోంచి రెండు ఎండుపళ్ళు తీసి గుమ్మంలో పెట్టింది.

మరుసటి వారం ఇకుతా మియాషితా వారి ఆనందం కొలిచి వస్తుంటే బామ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"నాక్కూడా కొలువు నాయనా."

"మీకు అక్కర్లేదు బామ్మా. మీరు ఇక్కడే పుట్టారు కదా."

"అందుకే అడుగుతున్నా. పుట్టినప్పట్నించీ ఇక్కడే ఉన్నాను. ఎన్ని మార్కులొచ్చాయో చచ్చేలోపు తెలియొద్దూ?"

పెద్దవాళ్ళ మాట కాదనలేని పిల్లాడు. పలక ఎత్తాడు. మొదట "ముఖము కనబడుట లేదు" అని వచ్చింది. వెలుతురులోకి జరిపితే ఒకటి చూపించింది.

"ఒకటా? మా ఆయన ఉంటే అదీ వచ్చేది కాదు" అని బామ్మ తృప్తిగా తల ఊపింది.

ఈ వార్త సాయంత్రానికల్లా వీధంతా పాకింది. పాల దుకాణం ఆయన వచ్చాడు, ఒకటి. బస్సు డ్రైవరుకు ఒకటి. గుడి పూజారి కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుని మరీ కొలిపించుకున్నాడు, ఆయనకూ ఒకటే. నాకు రెండు వచ్చాయి, మా ఆవిడకు ఒకటి. (ఆ రాత్రి ఆ తేడా ఎందుకొచ్చిందో ఇంట్లో చర్చకు వచ్చింది. ఇక్కడ రాయను.)

సరదా అక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ ఒకసారి పలకలోకి ఎక్కిన మార్కును తీసే మార్గం విభాగం వారు పెట్టలేదు. నియమం ప్రకారం మూడుకు తగ్గినవారు "ఊరు విడిచిపోగల నివాసులు". వారి ఇళ్ళు "ఖాళీ కాగల ఇళ్ళు". ఖాళీ కాగల ఇళ్ళను ముందుగానే అమ్మకాల పేజీలో చూపించడం విభాగం విధి. వారం తిరిగేసరికి ఫొటోలతో సహా ఊరు మొత్తం అమ్మకానికి వచ్చింది. నా దుకాణం కింద "అద్దములు కలవు" అని కూడా రాశారు.

వీధంతా కలిసి మురొజుమి గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మాకందరికీ టీ ఇప్పించి, ఎంతో ఓపికగా చెప్పారు. "మీరు వెళ్ళిపోవాలని మేం అనడం లేదండీ. మీ ఇష్టం వచ్చినంతకాలం ఉండండి. వెళ్ళిపోయినవారి కింద లెక్కించాం, అంతే."

ఆదివారం నుంచి ఇళ్ళు చూసేవాళ్ళు రావడం మొదలైంది. ఎన్నడూ లేనిది బస్సులో నిలబడి వచ్చారు. నేను ఒకాయనకు గడ్డం గీస్తుంటే కోబె నుంచి వచ్చిన దంపతులు నా చుట్టూ టేపు పెట్టి కొలుచుకున్నారు. ఉమె బామ్మ ఇంట్లో ఒకావిడ పొయ్యి దగ్గర కూర్చున్న బామ్మను చూసి, ఇకుతాను పక్కకు పిలిచి, "ఈవిడ కూడా ఇంటితోపాటేనాండీ?" అని అడిగింది.

"నేను వంటింటితో వస్తాను. కావాలంటే పెరడు విడిగా తీసుకోండి" అంది బామ్మ.

అందరూ నవ్వారు. కానీ పదిరోజులకు బామ్మ పేర మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. తమ ఇంటికి దరఖాస్తు వచ్చినందుకు అభినందనలు, తమకు వీలైన ఖాళీ తేదీ తెలుపగలరు అని ఉంది అందులో. బామ్మకు చూపు ఆనదు కాబట్టి నన్ను చదవమంది. చదివాను. రెండోసారి చదవమంది. ఆ తరువాత ఉత్తరాన్ని మడిచి పొయ్యి రాజెయ్యడానికి పెట్టుకుంది కానీ, ఆ పూట పొయ్యి రాజెయ్యలేదు. అన్నం కూడా తినలేదని షిగెకో గారు చెప్పారు.

ఆ దరఖాస్తు పెట్టిన దంపతులు ఇల్లు రెండోసారి చూసుకోవడానికి వచ్చారు. కొనేముందు ఊళ్ళో ఎవరినైనా అడగాలన్నారు. ఇకుతాకు అడిగించదగ్గ మనిషి ఒక్కరే కనబడ్డారు, ఊరి పత్రిక అట్ట మీది షిగెకో గారు. ఆవిడ యథాప్రకారం తలుపు తీసి, వంగి, నవ్వారు.

"మీ బొమ్మ చూసే వచ్చామండీ. ఇక్కడ నిజంగా అంత బాగుంటుందా?" అని ఆ వచ్చినావిడ అడిగింది.

షిగెకో గారు జవాబు చెప్పబోయి, వెనకాల వసారాలో ఒంటరిగా కూర్చున్న ఉమె బామ్మ వైపు చూశారు. వంట అయ్యాక నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి పక్కన పెట్టినట్టు, ముఖం మీంచి నవ్వు తీసేశారు.

"చలి ఎక్కువండీ. నీళ్ళ గొట్టాలు పగులుతాయి. ముల్లంగి వేస్తే పందులు తింటాయి. ఆస్పత్రికి వెళ్ళాలంటే బస్సు రావాలి, వస్తే అదృష్టం. వీధి గడ్డి కోసే రోజు రాకపోతే పక్కింటావిడ ఏడాదంతా గుర్తుచేస్తుంది."

"మరి మీరెందుకుంటున్నారు?"

"ఆ పక్కింటావిడ కోసం. నన్ను మెడపట్టి గెంటినా నేనిక్కణ్ణుంచి కదలను. ఆవిడ ఇల్లు మీరు కొనుక్కుంటే ఆవిడ మా ఇంటికొస్తుంది. అప్పుడు మీ పక్కింట్లో ఇద్దరం ఉంటాం. ఇద్దరం ఇలాగే ఉంటాం."

ఆ దంపతులు ఆ ముఖాన్నీ, వసారాలోని ముఖాన్నీ మార్చి మార్చి చూసి, బస్సు వేళ అడిగారు. ఇకుతా చేతిలో పలక దానంతటదే కొలిచేసి రెండు చూపించింది. అతను దాన్ని బోర్లించి కింద పెట్టాడు. సాక్షిగా నేను చూసింది అంతే.

ఆ వారంలోనే మియాషితా దంపతులు ఇల్లు తాళం వేసి టోక్యో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రోజు కూడా వాళ్ళకు ఐదు మార్కులున్నాయి. మేకను మాకు వదిలేశారు. ఇకుతా కూర్చుని పాత లెక్కలన్నీ తిరగేశాడు. ఎప్పుడూ ఐదే వచ్చినవాళ్ళలో ఊళ్ళో మిగిలినవాళ్ళు లేరు. ఒకటి, రెండు వచ్చినవాళ్ళలో ఊరు విడిచినవాళ్ళు లేరు, శ్మశానానికి వెళ్ళినవాళ్ళు తప్ప. ఈ సంగతి వినయంగా మురొజుమి గారికి విన్నవించుకున్నాడు.

మురొజుమి గారు సామాన్యులు కారు. నియమం తప్పని ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు. నియమం తప్పు కానేరదు, దాన్ని చదివే పద్ధతి మారవచ్చు. కొద్దిరోజులకు సవరణ వెలువడింది: "ఇదివరలో మార్కులుగా చూపబడిన అంకెలను ఇకమీదట ర్యాంకులుగా చదువుకొనవలెను." ఆ ఒక్క వాక్యంతో ఊరు అమ్మకాల పేజీలోంచి దిగిపోయింది. ఉమె బామ్మకు ఆనందంలో మొదటి ర్యాంకు. షిగెకో గారిది రెండో ర్యాంకు, ఇల్లు భద్రం. ఐదు వచ్చిన మేలిమి నవ్వుల వాళ్ళు ఇకపై ఎవరైనా ఉంటే వాళ్ళింటికి ఊరి నర్సు వెళ్ళి ఏం కష్టమొచ్చిందని అడిగి వస్తుంది.

ర్యాంకు సంగతి బామ్మకు నేనే వెళ్ళి చెప్పాను. ఇద్దరూ వసారాలో ఉన్నారు.

"ఇప్పుడు నన్నేం చేయమంటార్రా?"

"ఏం చేయక్కర్లేదు బామ్మా."

"అదే కదా చేస్తున్నా" అని చాకు అందుకుంది. షిగెకో గారు బుట్ట అటు జరిపారు. ఇద్దరిలో ఎవరి ముఖమూ కదల్లేదు. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. చలికి అయి ఉంటుంది.

ఇకుతా మొన్న నా దుకాణానికి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. బూట్లకు బురద ఉంది. మియాషితా వారు వదిలేసిన ఇంటిని తనే కొనుక్కుందామని దరఖాస్తు పెట్టాడట. తన విభాగం నుంచే జవాబు వచ్చిందట. "ఏమన్నారు?" అని అడిగాను. కత్తెర కింద తల కదపకుండా, కంఠతా వచ్చినవాడిలా చెప్పాడు:

"విభాగపు సిబ్బందికి జీవనానందం వర్తించదన్నారండీ."